ఇంట్లో పియానో ప్రాక్టీస్‌కు ఏది కొనాలి..? వీడియోల్లో కనిపించని అసలు విషయం ఇదే!

పిల్లలు పియానో నేర్చుకుంటామంటున్నారా? ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, బాగా పలుకుతోంది అనిపించినదాన్ని ఆర్డర్ పెట్టేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. వీడియోలో వినిపించేది శబ్దం మాత్రమే. ప్రాక్టీస్‌కు అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది.. కీ నొక్కినప్పుడు వేలికి తెలిసే బరువు. అది ఏ వీడియోలోనూ కనిపించదు. 40 వేలో, 50 వేలో ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవాల్సింది దీని గురించే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు. షోరూంకి వెళ్లి నాలుగు పియానోల మీద వేళ్లు పెట్టి చూస్తారు. నల్గొండ జిల్లా దామరచర్ల లాంటి మండల కేంద్రంలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. బియ్యం, బట్టలు, ఫ్రిజ్ దాకా ఏది కావాలన్నా మిర్యాలగూడ వెళ్తే సరిపోతుంది. డిజిటల్ పియానోలు వరసగా పెట్టి వాయించి చూడనిచ్చే దుకాణం కావాలంటే మాత్రం నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ప్రయాణం చేసి హైదరాబాద్ చేరాలి. అందుకే చాలామంది ఫోన్‌లో చూసి కొనేస్తారు. తీరా పార్సిల్ వచ్చాక టీచర్ చూసి 'ఇది పియానో కాదు కదా' అంటే.. డబ్బు పోయినట్టే, పిల్లల ఉత్సాహమూ పోయినట్టే. అలా జరగకుండా ఉండాలంటే ఏం చూడాలి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ముందు తేల్చుకోవాల్సింది.. పియానోనా? కీబోర్డా?

మన దగ్గర అన్నిటినీ కలిపి 'కీబోర్డు' అనేస్తాం. నిజానికి ఇవి రెండు వేర్వేరు వాయిద్యాలు. చూడ్డానికి తెల్ల కీలు, నల్ల కీలు ఒకేలా ఉన్నా పని వేరు.

ఆదివారం చర్చిలో పాటలకు వాయించాలి, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో వెళ్లాలి, సినిమా పాటలకు రిథమ్ వేసుకుని వాయించాలి.. ఇదీ మీ ఉద్దేశం అయితే మీకు కావాల్సింది కీబోర్డు. అందులో వందల రకాల శబ్దాలు, తబలా, డ్రమ్స్ రిథమ్‌లు, పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు మార్చుకునే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటాయి. తేలిగ్గా ఉంటుంది, బండి మీద కూడా తీసుకెళ్లొచ్చు. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఏఆర్ రెహమాన్ కూడా చిన్న వయసులో ఇళయరాజా బృందంలో కీబోర్డు వాయించినవారే.

అలా కాకుండా స్టాఫ్ నొటేషన్ చదువుతూ రెండు చేతులతో పియానో పాఠాలు నేర్చుకోవాలి, గ్రేడ్ పరీక్షలు రాయాలి అంటే.. డిజిటల్ పియానోనే కొనాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డ్ వేరు. సిలబస్ వేరు, వాయించాల్సిన పాఠాలు వేరు. కాబట్టి కొనే ముందు టీచర్‌ని ఒక్క ప్రశ్న అడగండి.. 'మా పాపను ఏ పరీక్షకు పంపిస్తారు?' జవాబును బట్టి సగం నిర్ణయం అయిపోయినట్టే.

మరి కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు? వాళ్లకు పియానో సరిపోదు. మన రాగాలకు ప్రాణం గమకం. స్వరం నుంచి స్వరానికి జారాలి, ఊగాలి. పియానోలో ఒక కీకి ఒక స్థిరమైన స్వరమే, మధ్యలో ఏమీ ఉండదు. అందుకే కర్ణాటక సంగీతాన్ని వీటి మీద వాయించే కళాకారులు స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం ఉన్న కీబోర్డునే ఎంచుకుంటారు. ఈ చక్రం మామూలు డిజిటల్ పియానోలకు ఉండదు.

అసలు 'బరువు' అంటే ఏంటి?

ఇది అర్థం కావాలంటే అసలు పియానో ఎలా పలుకుతుందో తెలియాలి. ఇటలీకి చెందిన బార్తొలొమియో క్రిస్టోఫొరీ 1700 ప్రాంతంలో దీన్ని తయారుచేశారు. అంతకుముందు ఉన్న హార్ప్సికార్డ్‌లో కీని మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా వచ్చేది. క్రిస్టోఫొరీ కీ వెనక చిన్న సుత్తి పెట్టారు. కీ నొక్కితే సుత్తి లేచి తీగను కొడుతుంది. వేగంగా నొక్కితే గట్టిగా, నెమ్మదిగా నొక్కితే మెత్తగా పలుకుతుంది. ఇటాలియన్‌లో మెత్తగా అంటే 'పియానో', గట్టిగా అంటే 'ఫోర్టే'. అలా పియానోఫోర్టే అయింది, కాలక్రమంలో పియానోగా మిగిలింది. ఆయన 1720లో చేసిన పియానో ఒకటి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

అంటే పియానో వాయించడమంటే సుత్తిని విసరడమే. వేలితో ఎంత వేగంగా విసిరితే అంత శబ్దం. పాటలో ఏ స్వరం గట్టిగా, ఏది మెత్తగా అనేది వేళ్లు నేర్చుకోవాలి. ఆ సుత్తి బరువు వేలికి తెలియకపోతే ఆ విద్య రాదు. హార్మోనియంలో శబ్దం ఎంత రావాలో తిత్తి గాలి చూసుకుంటుంది. అక్కడ మెట్టు నొక్కే వేలికి ఆ పని లేదు. పియానోలో ఆ పని మొత్తం వేలిదే.

డిజిటల్ పియానోలో తీగలు ఉండవు. కీ కింద సెన్సర్లు ఉంటాయి. కీ పైనుంచి కిందికి ఎంత వేగంగా దిగిందో అవి కొలుస్తాయి. ఆ వేగానికి తగ్గట్టు, ముందే పెద్ద పియానో మీద రికార్డు చేసి పెట్టిన శబ్దం స్పీకర్లలో వస్తుంది. మంచి డిజిటల్ పియానోల్లో కీ వెనక నిజంగానే చిన్న చిన్న బరువులు, సుత్తుల్లాంటి ఏర్పాటు ఉంటుంది. వేలికి అసలు పియానోలా అనిపించాలనే ఇదంతా. అసలు పియానోలో ఎడమవైపు కీలు కాస్త బరువుగా, కుడివైపుకు వెళ్లేకొద్దీ తేలికగా ఉంటాయి. మంచి డిజిటల్‌లో ఈ తేడా కూడా ఉంటుంది.

మరి అసలు పియానోనే కొనొచ్చు కదా?

కొనొచ్చు.. కానీ మన ఇళ్లకు అది కష్టం. గోడకు ఆనించి పెట్టే అప్‌రైట్ పియానో కూడా 200 కిలోల పైమాటే. లోపల రెండు వందలకు పైగా తీగలు బలంగా బిగించి ఉంటాయి. ఎండకు, తేమకు కలప సాగుతుంది, ముడుచుకుంటుంది. దాంతో శ్రుతి తప్పుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్యూనర్‌ని పిలిపించాలి. మండల కేంద్రానికి ట్యూనర్‌ని రప్పించడం మాటలు కాదు. పైగా శబ్దం తగ్గించే వీలుండదు, రాత్రి వాయిస్తే వాడంతా వినాల్సిందే. డిజిటల్ పియానోకు శ్రుతి తప్పడం అనేదే లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కగదిలో పడుకున్నవాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు. బరువు 10 నుంచి 15 కిలోలే.

ఆన్‌లైన్ లిస్టింగ్‌లో ఈ పదాలు గమనించండి

కంపెనీలు రకరకాల పేర్లు రాస్తాయి. వాటి అర్థం తెలిస్తే మోసపోరు.

టచ్ సెన్సిటివ్: గట్టిగా నొక్కితే గట్టిగా, మెత్తగా నొక్కితే మెత్తగా పలుకుతుంది. అంతే. బరువు ఉందని కాదు. చవక కీబోర్డుల్లో కూడా ఇది ఉంటుంది. ఇది కూడా లేనిది ప్రాక్టీస్‌కు అసలు పనికిరాదు.

సెమీ వెయిటెడ్: కీ కింద స్ప్రింగ్ కాస్త గట్టిగా ఉంటుంది, కొంచెం బరువు కలిపి ఉంటారు. సుత్తి ఉండదు. 88 కీలు ఉండి, ధర మరీ తక్కువ ఉంటే చాలావరకు ఇదే రకం.

వెయిటెడ్: ఈ ఒక్క మాట చాలదు. కొందరు సెమీ వెయిటెడ్‌ని కూడా వెయిటెడ్ అనేస్తారు.

హ్యామర్ యాక్షన్, గ్రేడెడ్ హ్యామర్: మీరు వెతకాల్సింది ఇదే. సుత్తి ఏర్పాటు ఉన్నట్టు లెక్క. 'గ్రేడెడ్' లేదా 'స్కేల్డ్' అని ఉంటే ఎడమ నుంచి కుడికి బరువు తగ్గుతుందని అర్థం.

చుట్టి బ్యాగ్‌లో పెట్టుకునే రబ్బరు పియానోలు, మధ్యకు మడిచేవి కూడా '88 కీల పియానో' పేరుతోనే అమ్ముతారు. సరదాకి ఓకే. పాఠాలకు మాత్రం వద్దు.

88 కీలు తప్పనిసరా?

పూర్తి పియానోకు 88 కీలు.. 52 తెల్లవి, 36 నల్లవి. మొదటి ఏడాది పాఠాలకు అన్నీ అవసరం పడవు. 61 కీలతో, అంటే 5 ఆక్టేవ్‌లతో కొంతకాలం నడుస్తుంది. కానీ సుత్తి ఏర్పాటు ఉన్న పియానోలు దాదాపు అన్నీ 88 కీలతోనే వస్తాయి. కాబట్టి బరువు చూసుకుని కొంటే కీల సంఖ్య దానంతట అదే వస్తుంది. తలకిందులుగా 88 కీలు చూసి కొంటే మాత్రం బరువు వస్తుందన్న గ్యారెంటీ లేదు.

ఇంకో చిన్న పరీక్ష.. కీ సైజు. కొన్ని చవక కీబోర్డుల్లో కీలు సన్నగా ఉంటాయి. స్కేలు తీసుకుని పక్కపక్కన ఉన్న 7 తెల్ల కీల వెడల్పు కొలవండి. దాదాపు 16.5 సెంటీమీటర్లు రావాలి. తక్కువ వస్తే అది పిల్లల బొమ్మ సైజు. దాని మీద అలవాటైన చేయి పరీక్ష హాల్లో అసలు పియానో మీద తడబడుతుంది.

పాలిఫొనీ.. ఎంత ఉంటే చాలు?

ఒకేసారి ఎన్ని స్వరాలు పలకగలదు అనేదే పాలిఫొనీ. మనకున్నవి పది వేళ్లే కదా, 64 ఎందుకు అనే డౌట్ రావచ్చు. కాలితో పెడల్ నొక్కి పట్టుకుంటే ముందు వాయించిన స్వరాలు కూడా మోగుతూనే ఉంటాయి. అవన్నీ లెక్కలోకి వస్తాయి. పరిమితి దాటితే పాత స్వరాలు చప్పున ఆగిపోతాయి. మొదటి గ్రేడ్లకు 64 సరిపోతుంది. పై గ్రేడ్ల దాకా ఇదే వాడాలనుకుంటే 96 లేదా 128 పైన ఉన్నది చూసుకోవడం మంచిది. ఈ అంకె కోసం కీ బరువు విషయంలో మాత్రం రాజీపడొద్దు.

ఏ మోడల్స్ ఉన్నాయి?

మోడల్ పేర్లు, ధరలు మారుతుంటాయి. ఈ రోజుల్లో మొదటి పియానోగా ఎక్కువగా వినిపించేవి ఇవి..

యమహా పి-145: పాత పి-45 స్థానంలో 2023లో వచ్చింది. 88 కీలు, గ్రేడెడ్ హ్యామర్ కాంపాక్ట్ యాక్షన్, పాలిఫొనీ 64. బరువు 11 కిలోల చిల్లర.

యమహా పి-225: కీ ఏర్పాటు పి-145 లాంటిదే. పాలిఫొనీ 192. బ్లూటూత్‌తో ఫోన్‌లోని పాటలను దీని స్పీకర్లలో వినొచ్చు.

క్యాసియో సీడీపీ-ఎస్110: సన్నగా, తేలిగ్గా ఉంటుంది. స్కేల్డ్ హ్యామర్ యాక్షన్, పాలిఫొనీ 64.

క్యాసియో పీఎక్స్-ఎస్1100: పాలిఫొనీ 192. ముఖ్యంగా ఇది కరెంట్ లేకపోయినా 6 పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది.

రోలాండ్ ఎఫ్‌పీ-10: పాలిఫొనీ 96. ఈ వరుసలో కీ స్పర్శకు మంచి పేరున్నది ఇదే. కాస్త బరువు కూడా ఎక్కువ, 12 కిలోల పైన.

యమహా పియాజెరో ఎన్‌పీ సిరీస్ పేరు కూడా కనిపిస్తుంది. ఎన్‌పీ-15లో 61 కీలు, ఎన్‌పీ-35లో 76 కీలు. శబ్దం బాగుంటుంది, తేలిక, బ్యాటరీతో నడుస్తాయి. కానీ వీటిలో సుత్తి ఏర్పాటు లేదు. 'పియానోలా ఉంది, రేటు తక్కువ' అని తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బడ్జెట్ లెక్క ఇలా వేసుకోండి

హ్యామర్ యాక్షన్ ఉన్న కొత్త డిజిటల్ పియానో సుమారుగా 40 వేల రూపాయల దగ్గర మొదలవుతుంది. 60 వేల లోపు మంచి ఎంపికలే దొరుకుతాయి. అయితే పెట్టె ధరే మొత్తం ధర అనుకోకండి. స్టాండ్, స్టూల్, మంచి పెడల్, హెడ్‌ఫోన్స్, కవర్ చాలాసార్లు విడిగానే కొనాలి. వీటికి ముందే కొన్ని వేలు పక్కన పెట్టండి. పియానో మీదే డబ్బంతా ఖర్చుపెట్టి డైనింగ్ టేబుల్ మీద పెట్టి వాయిస్తే లాభం లేదు. ఎందుకో కింద చెప్పుకుందాం.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే? రెండు దారులు. ఒకటి, టచ్ సెన్సిటివ్ ఉన్న 61 కీల కీబోర్డు 10 నుంచి 20 వేల మధ్యలో తీసుకుని, ఇది మొదటి ఏడాదికే అని ముందే అనుకోవడం. పిల్లలకు నిజంగా ఆసక్తి ఉందో లేదో ఏడాదిలో తెలిసిపోతుంది. రెండోది, సెకండ్ హ్యాండ్ డిజిటల్ పియానో. ఎటూ కాకుండా 25 వేలు పెట్టి సెమీ వెయిటెడ్ 88 కీలది కొనడం మాత్రం తెలివైన పని కాదు. అది మంచి కీబోర్డూ కాదు, మంచి పియానో కూడా కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి తప్పక చూడాలి

యమహా పి-45 లాంటి పాత మోడల్స్ ఇప్పటికీ నేర్చుకోవడానికి పనికొస్తాయి. కాకపోతే స్వయంగా వెళ్లి చూడాలి.

ఎడమ చివర నుంచి కుడి చివర వరకు 88 కీలు ఒక్కొక్కటే నొక్కండి. ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా. మెత్తగా నొక్కితే పలకనిది, లేదా ఎలా నొక్కినా గట్టిగానే అరిచేది ఉంటే లోపల రబ్బరు కాంటాక్ట్ అరిగినట్టు. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు మోగినా అదే జబ్బు. కీ కిందికి వెళ్లి నెమ్మదిగా పైకి వస్తోందా, టకటకమని చప్పుడు చేస్తోందా చూడండి. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లో శబ్దం వస్తోందో లేదో చూసుకోండి. పెడల్ నొక్కి వదిలితే స్వరం ఆగాలి. అడాప్టర్ ఒరిజినల్‌దేనా అడగండి.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే 'ముందు అడ్వాన్స్ పంపండి, పార్సిల్ వేసేస్తా' అన్నారా? అక్కడితో ఆపేయండి. వస్తువు మీద చేయి పెట్టి చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

షోరూంలో 5 నిమిషాల పరీక్ష

ఏడాదుల పాటు వాడే వస్తువు కాబట్టి ఒక్కసారి హైదరాబాద్ వెళ్లొచ్చినా దండగేం కాదు. వాయించడం రాకపోయినా ఫర్వాలేదు, ఇలా చేయండి..

మొదట సౌండ్ పూర్తిగా తగ్గించేయండి. శబ్దం లేకుండా వేళ్లతోనే చూడాలి. ఎడమ చివర ఒక కీ, కుడి చివర ఒక కీ మార్చి మార్చి నొక్కండి. ఎడమది బరువుగా ఉందా? తర్వాత ఒక కీని చాలా నెమ్మదిగా కిందికి నొక్కండి. స్ప్రింగ్ కీ అయితే కిందికి వెళ్లేకొద్దీ ఎదురు తోస్తుంది. సుత్తి ఉన్నదైతే కదలడం మొదలుపెట్టేటప్పుడు బరువు తెలుస్తుంది, ఒకసారి కదిలాక దానంతట అదే సాగిపోతున్నట్టు ఉంటుంది. ఈ తేడా ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోరు.

తర్వాత సౌండ్ పెంచి ఒకే కీని పదిసార్లు నొక్కండి. మొదటిది వినీ వినపడనట్టు, చివరిది గట్టిగా. మధ్యలో మెట్లు మెట్లుగా కాకుండా క్రమంగా పెరగాలి. నల్ల కీలను లోపలివైపు, అంటే ప్యానెల్‌కు దగ్గరగా కూడా నొక్కి చూడండి. కొన్నింట్లో అక్కడ బాగా గట్టిగా ఉంటుంది, చిన్న పిల్లల వేళ్లకు కష్టం. చివరగా పిల్లల్ని కూర్చోబెట్టండి. వాయించాల్సింది వాళ్లే కదా!

వెళ్లే వీలే లేదా? టీచర్ ఇంట్లో లేదా క్లాసులో ఉన్న పియానో ఏ మోడలో అడిగి, దాని మీద ఈ పరీక్ష చేయండి. అదే మోడల్, లేదా అదే కీ యాక్షన్ పేరున్న మోడల్ కొంటే వేలికి తెలిసినదే ఇంటికి వస్తుంది.

పెడల్, స్టాండ్, స్టూల్.. చిన్నవే కానీ ముఖ్యమైనవి

పెట్టెతో పాటు వచ్చే పెడల్ చాలాసార్లు చిన్న ప్లాస్టిక్ స్విచ్. బండల మీద జారిపోతూ ఉంటుంది. కింద రబ్బరు మ్యాట్ వేస్తే కొంత నయం. వీలైతే అసలు పియానో పెడల్ ఆకారంలో ఉండే లోహపు పెడల్ తీసుకోండి. మీ మోడల్‌కు అది సరిపోతుందో లేదో అడిగి మరీ కొనండి.

ఇక డైనింగ్ టేబుల్ సంగతి. మామూలు టేబుల్ ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు. దాని మీద పియానో పెడితే కీలు ఇంకా పైకి వెళ్తాయి. నేల నుంచి తెల్ల కీల పైభాగం దాకా సుమారు 72, 73 సెంటీమీటర్లు ఉంటే సరైన ఎత్తు. ఎక్కువైతే భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు వంగుతుంది, కాసేపటికే నొప్పి మొదలవుతుంది. కూర్చున్నప్పుడు మోచేయి కీల ఎత్తులో ఉండాలి. చిన్న పిల్లల కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయండి. స్టాండ్ విషయానికొస్తే, ఇంగ్లిష్ ఎక్స్ ఆకారంలో ఉండేవి చవకే కానీ గట్టిగా వాయిస్తే ఊగుతాయి, మోకాళ్లకు తగులుతాయి. నాలుగు కాళ్లవి, చెక్కవి మేలు.

చోటు కూడా ముందే కొలవండి. 88 కీల పియానో పొడవు దాదాపు 132 సెంటీమీటర్లు. వెనక గోడ, పక్కన ప్లగ్ పాయింట్, ముందు స్టూల్ పట్టే జాగా ఉండాలి.

హెడ్‌ఫోన్, బ్లూటూత్.. ఇక్కడో తిరకాసు

ప్రాక్టీస్‌కు వైరు హెడ్‌ఫోనే వాడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో కీ నొక్కిన కాసేపటికి శబ్దం వినిపిస్తుంది. ఆ ఆలస్యం రెప్పపాటే అయినా తాళం దెబ్బతింటుంది. పియానోకు పెద్ద పిన్ను రంధ్రం ఉంటే చిన్న కన్వర్టర్ సరిపోతుంది.

'బ్లూటూత్ ఉంది' అని రాసుంటే ఏ బ్లూటూతో అడగండి. బ్లూటూత్ ఆడియో అంటే ఫోన్‌లోని పాట పియానో స్పీకర్లలో రావడం. బ్లూటూత్ మిడి అంటే మీరు ఏ కీ నొక్కారో ఫోన్‌లోని యాప్‌కు తెలియడం. నేర్పించే యాప్‌లకు కావాల్సింది రెండోది. అది లేకపోయినా యూఎస్‌బీ కేబుల్‌తో ఆ పని అయిపోతుంది. మిడి అనే ఈ పద్ధతి 1983 నుంచి ఉంది. ఏ కంపెనీ పియానో అయినా దీన్ని అర్థం చేసుకుంటుంది.

కరెంట్, ఎండ, దుమ్ము.. మన ఊళ్లో జాగ్రత్తలు

4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ పవర్ స్టేషన్ దామరచర్ల మండలం వీర్లపాలెంలోనే ఉంది. అలాగని ఇంట్లో కరెంట్ పోదని, వోల్టేజీ ఊగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. గాలివాన వచ్చినా, లైన్ మీద కొమ్మ పడినా ఇబ్బందే. పియానోను నేరుగా ప్లగ్‌లో కాకుండా సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న స్పైక్ గార్డ్ ద్వారా పెట్టండి. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్ పీకేయండి. అడాప్టర్ పాడైతే దుకాణంలో దొరికిన ఏదో ఒకటి పెట్టొద్దు. వోల్టేజీ కలిసినా పిన్నులో ప్లస్, మైనస్ తారుమారుగా ఉంటే పియానో లోపలి బోర్డు కాలిపోతుంది. వాడకం తక్కువ కరెంటే కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద కూడా నడుస్తుంది.

మే నెల ఎండలు నల్గొండ జిల్లాలో ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన, రేకుల గదిలో పియానో పెట్టకండి. ప్లాస్టిక్ కీలు, లోపలి జిగురు వేడికి దెబ్బతింటాయి. కూలర్ గాలి నేరుగా తగిలే చోటు కూడా వద్దు, తేమ లోపలికి వెళ్తుంది. వాడపల్లి, విష్ణుపురం వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, హైవే మీద లారీలు.. దుమ్ము మామూలే. వాయించడం అయిపోగానే బట్ట కవర్ కప్పండి. కీల సందుల్లోకి చీమలు, బొద్దింకలు చేరకుండా దాని దగ్గర తినుబండారాలు పెట్టకూడదు. తుడవడానికి కాస్త తడిపి పిండిన మెత్తటి బట్ట చాలు. స్ప్రేలు నేరుగా కొట్టొద్దు.

ఆన్‌లైన్‌లో కొంటున్నారా?

మోడల్ పేరు అక్షరం, అంకె తేడా లేకుండా సరిచూసుకోండి. ఒక్క అంకె మారితే వేరే వాయిద్యం వస్తుంది. అమ్మేవారు కంపెనీ అధీకృత డీలరేనా, వారంటీ ఇండియాలో చెల్లుతుందా చూడండి. 'రిపేర్ వస్తే మనిషి ఇంటికి వస్తాడా, మేమే హైదరాబాద్ తీసుకురావాలా?' అని కొనకముందే కస్టమర్ కేర్‌ను అడగండి. మీ పిన్ కోడ్ చెప్పి మరీ అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. వచ్చిన రోజే అన్ని కీలు నొక్కి చూడండి. రిటర్న్ గడువు ముగిసేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ పారేయొద్దు. జీఎస్టీ బిల్లు దాచిపెట్టండి. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

తరచూ వచ్చే డౌట్లు

ఎక్కువ శబ్దాలు ఉన్నది మంచిదా? కాదు. పి-145 లాంటి పియానోలో పది రకాల శబ్దాలే ఉంటాయి. చవక కీబోర్డులో 500 ఉండొచ్చు. పాఠాలకు వాడేది ఒకే ఒక్క పియానో శబ్దం.

తెల్ల కీల మీద స్టిక్కర్లు అంటించొచ్చా? మొదటి కొన్ని వారాలు ఓకే. తర్వాత తీసేయండి. లేదంటే కళ్లు పుస్తకం మీద కాకుండా కీల మీదే ఉంటాయి.

ట్రాన్స్‌పోజ్ బటన్ వాడొచ్చా? పాడేవాళ్ల శ్రుతికి సర్దుకోవాల్సినప్పుడు వాడుకోవచ్చు. పాఠం నేర్చుకునేటప్పుడు వద్దు. ప్రతిసారీ ఒకే స్కేల్‌లో వాయించి బటన్‌తో మార్చేస్తే మిగతా స్కేళ్లు ఎప్పటికీ చేతికి రావు.

రోజూ ఎంతసేపు వాయించాలి? కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు రోజూ 15, 20 నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే ఇదే మేలు. అందుకే పియానోను అల్మారాలో దాచకుండా, స్విచ్ వేయగానే వాయించేలా ఎప్పుడూ స్టాండ్ మీదే ఉంచండి.

ఒక్కమాటలో చెప్పాలంటే.. ముందు టీచర్‌ని అడగండి, తర్వాత 'హ్యామర్ యాక్షన్' అన్న మాట వెతకండి, వీలైతే ఒక్కసారి వేలు పెట్టి చూడండి. శబ్దం ఏ ఫోన్‌లోనైనా వినొచ్చు. ఆ బరువు మాత్రం పిల్లల వేళ్లకే తెలియాలి.